కాలిబాటకు సైకిలు చుట్టం

తెలుగులో దారికి పేర్లు చాలా ఉన్నాయి. బాట, తోవ, డొంక, పుంత, బండ్లబాట, కాలిబాట. వీటిలో చివరి రెండు పేర్లలో ఒక విశేషం ఉంది. ఆ దారి ఎవరిదో పేరే చెప్పేస్తుంది. బండ్లబాట బండ్లది, కాలిబాట కాళ్ళది. "రహదారి" మాత్రం వేరే వంశానికి చెందిన మాట. పారశీకం నుంచి వచ్చిన ఆ మాటకు మొగలుల కాలంలో దారిసుంకమని అర్థం. మా శామీర్‌పేట మీదుగా కరీంనగర్ వైపు సాగిపోయే రాజీవ్ రహదారిని చూసినప్పుడల్లా ఆ పాత అర్థమే దానికి సరిగ్గా అతికిందనిపిస్తుంది. సుంకం కట్టగల వాహనానికి అక్కడ చోటుంది. ఏ సుంకమూ కట్టని కాళ్ళకూ సైకిలుకూ చోటు లేదు.

నడిచేవారూ సైకిలు తొక్కేవారూ ఒకే బాటను క్షేమంగా పంచుకోవడం ఎలాగన్న చర్చ నగరాల్లో తరచు వినబడుతూ ఉంటుంది. చర్చ మంచిదే. కాని అది మొదలయ్యే తీరులోనే ఏదో తిరకాసు ఉందని నా అభిప్రాయం. పది పాళ్ళ పొలంలో తొమ్మిది పాళ్ళు పెద్దన్నకు రాసిచ్చి, మిగిలిన ఒక్క పాలు దగ్గర చిన్నవాళ్ళిద్దరినీ కూర్చోబెట్టి, సఖ్యంగా ఉండండర్రా అని నీతులు చెప్పడం లాంటిదది. సఖ్యత ఉండవలసిందే. అది ఎలాంటిదై ఉండాలో కింద చెబుతాను. అయితే సఖ్యతతో తీరేది ఎంత, స్థలంతో తప్ప తీరనిది ఎంత అన్న లెక్క ముందు తేల్చుకోవాలి. ఆ లెక్కకు మేడ్చల్, శామీర్‌పేట ప్రాంతాలను తీసుకుంటున్నాను. ఎందుకంటే ఇక్కడి రోడ్ల రూపం ఈ కొద్ది సంవత్సరాలలోనే మరో తరానికి సరిపడా స్థిరపడిపోబోతోంది.

హైదరాబాదుకు ఉత్తరాన రెండు పెద్ద దారులున్నాయి. ఒకటి బోయిన్‌పల్లి, సుచిత్ర, కొంపల్లి, కండ్లకోయల మీదుగా మేడ్చల్ చేరి నాగపూరు వైపు పోయే 44వ జాతీయ రహదారి. మనలో చాలామందికి అది ఏడవ నంబరు రహదారిగానే గుర్తు. రెండవది అల్వాల్, హకీంపేట, తూంకుంటల మీదుగా శామీర్‌పేట చేరే రాజీవ్ రహదారి. ఈ రెంటినీ అడ్డంగా కలుపుతూ ఔటర్ రింగ్ రోడ్డు. 158 కిలోమీటర్ల ఆ వలయం 2018లో కండ్లకోయ కూడలి పూర్తయ్యాకగానీ సంపూర్ణం కాలేదు. వలయం మీదికి పాదచారికి గానీ, సైకిలుకు గానీ, మోటారు సైకిలుకు గానీ ప్రవేశం లేదు. వీళ్ళందరూ పక్కనున్న సర్వీసు రోడ్డు మీదే పోవాలి.

ఈ దారుల మీద సైకిలు తొక్కేవారు మూడు రకాలు. మొదటివారు కార్మికులు. మేడ్చల్ పారిశ్రామికవాడకో, తుర్కపల్లి వైపు జీనోమ్ వ్యాలీలోని కంపెనీలకో, గోదాములకో షిఫ్టు వేళకు చేరవలసినవారు. హ్యాండిలుకు టిఫిను డబ్బా వేలాడుతూ ఉంటుంది, వెనక దీపం ఉండదు. రెండవవారు పిల్లలు, విద్యార్థులు. మూడవవారు తెల్లవారుజామున శిరస్త్రాణాలు ధరించి, గుంపులుగా వచ్చి, యాభై వంద కిలోమీటర్లు తొక్కి ఎండెక్కేలోగా ఇళ్ళకు చేరే వ్యాయామప్రియులు. పత్రికల్లో ఫోటోలు ఈ మూడవవారివి. ప్రణాళికల్లో కూడా "సైకిలిస్టు" అంటే ఈ మూడవవారే. ప్రమాదానికి ఎక్కువ కాలం ఎదురుగా ఉండేది మాత్రం మొదటివారు, ఏడాది పొడుగునా, రాత్రి షిఫ్టులతో సహా.

ఈ తేడా ఎందుకు ముఖ్యమో చెప్పడానికి నగరానికి పడమటి దిక్కు చూడాలి. నానక్‌రామ్‌గూడ, నార్సింగి, కొల్లూరుల వైపు ఔటర్ రింగ్ రోడ్డు వెంట 23 కిలోమీటర్ల సైకిల్ ట్రాకును 2023 అక్టోబర్ 1న ప్రారంభించారు. పైన సౌరఫలకాల కప్పు, నాలుగున్నర మీటర్ల వెడల్పు, దీపాలు. దేశంలో అలాంటిది అరుదు. కట్టినవారిని మెచ్చుకోవలసిందే. కాని అది ఇంటి నుంచి పనికి పోయే దారి కంటే వ్యాయామానికి పోయే దారిగానే ఎక్కువ తోస్తుంది. అక్కడిదాకా సైకిలును కారు వెనక కట్టుకుని వచ్చేవాడికి అది స్వర్గం. మేడ్చల్ ఫ్యాక్టరీలో పనిచేసేవాడికి అది వేరే ఊరి సంగతి. వ్యాయామానికి ట్రాకు, పనికి మట్టి అంచు! ఇలా పంచితే సైకిలు ఒక వేడుక వస్తువుగా మిగులుతుంది తప్ప ప్రయాణసాధనం కాజాలదు.

ఇక "రాంగ్ రూట్" సంగతి. మా వైపు రహదారి అంచున ఎదురు దిక్కులో సైకిలు తొక్కుతూ వచ్చేవారిని చూసి కారులోవారు విసుక్కోవడం మామూలే. ఒక్క నిమిషం ఆ సైకిలువాడి వైపు నుంచి ఆలోచించండి. డివైడరుకు సందు లేదు. యూ-టర్ను చాలా దూరంలో ఉంది. కారుకు అది రెండు నిమిషాలు. కాళ్ళతో తొక్కేవాడికి అదే దూరం పావుగంట చెమట, పైగా లారీల మధ్య. కాబట్టి అతడు అంచు పట్టుకుని ఎదురుగా వస్తాడు. అదే అంచున బస్సు కోసం నడిచి వచ్చే ఆడవాళ్ళు, బడి పిల్లలు ఉంటారు. ఇద్దరూ అక్కడ తారసపడతారు. ఒకరు మట్టిలోకి దిగాలి, లేదా ఒకరు తారు మీదికి జరగాలి. తారు మీదికి జరిగినవారి వెనక ఏమి వస్తోందో వారికి కనబడదు. దీన్ని పాదచారికీ సైకిలుదారుకూ మధ్య తగవు అనగలమా? తగవు పెట్టింది డివైడరు. వీళ్ళిద్దరూ అక్కడ దొరికిపోయారు, అంతే.

దేశం మొత్తం మీద 2022లో రోడ్డు ప్రమాదాల్లో చనిపోయిన పాదచారులు 32,825 మంది, సైకిలు మీద పోతూ చనిపోయినవారు 4,836 మంది. ఇవి కేంద్ర రోడ్డు రవాణా శాఖ ప్రకటించిన అంకెలు. కలిపి లెక్కవేస్తే రోజుకు నూటమూడు ప్రాణాలు. వీరిలో సైకిలు గుద్ది పోయిన పాదచారులు బహుకొద్దిమందే అయివుంటారని ఊహించడానికి పెద్ద పరిశోధన అక్కరలేదు. కాబట్టి వీళ్ళిద్దరూ ఒకరినుంచి ఒకరు క్షేమంగా ఉండటమన్నది రెండవ ప్రశ్న. ఇద్దరూ మోటారు నుంచి క్షేమంగా ఉండటం మొదటిది. మొదటిది వదిలేసి రెండవదాన్ని మాత్రమే పట్టుకునే ఏ పథకాన్నయినా నేను అనుమానంగానే చూస్తాను.

అలాగని రెండవ ప్రశ్న లేకుండా పోదు. కొంచెం లెక్క చూద్దాం. మనిషి నడక గంటకు 4–5 కిలోమీటర్లు. మామూలు సైకిలు 12 వరకు. గేర్ల సైకిలు మీద అలవాటున్నవాడు 24 సునాయాసంగా తొక్కుతాడు. గంటకు 24 కిలోమీటర్లంటే సెకనుకు దాదాపు ఏడు మీటర్లు. ఎదుట పిల్లవాడు అడ్డం వచ్చాడని కన్ను చూసి, చెయ్యి బ్రేకు పట్టేలోగా ఒక సెకను గడిచిందనుకుంటే, బ్రేకు పడకముందే ఏడు మీటర్లు పోయాయి. 12లో పోతుంటే మూడున్నర మీటర్లలోపే. వేగం రెట్టింపైతే తాకిడిలోని శక్తి నాలుగు రెట్లవుతుందని హైస్కూలు భౌతికశాస్త్రంలో చదువుకున్నాం. అరవయ్యేళ్ళావిడ తుంటి ఎముకకు ఆ నాలుగు రెట్ల భేదం చాలా పెద్దది. కారుకు మనమెంత అల్పులమో, మన సైకిలుకు ఆవిడ అంత అల్పురాలు. కారువాడు మన పట్ల ఎలా ఉండాలని కోరుకుంటామో, మనం ఆవిడ పట్ల అలా ఉండాలి. బ్రిటనులో 2022 జనవరిలో సవరించిన రహదారి నియమావళి ఈ సూత్రాన్నే చేర్చింది. ఎక్కువ హాని చేయగలవారిది ఎక్కువ బాధ్యత.

వెడల్పు లెక్క కూడా చూడాలి. ఇండియన్ రోడ్స్ కాంగ్రెస్ ప్రమాణాల ప్రకారం కాలిబాటలో నడకకు అడ్డంకి లేని వెడల్పు కనీసం 1.8 మీటర్లుండాలి. చంకలో పిల్లతో ఒక తల్లి, పక్కన చేతిసంచితో ఇంకొకావిడ నడుస్తూ ఉంటే అందులో మీటరున్నర నిండిపోతుంది. మిగిలిన ముప్ఫయి సెంటీమీటర్లలో సైకిలు హ్యాండిలే పట్టదు. కాబట్టి ఆ వెడల్పు బాట మీద ఇద్దరి బొమ్మలూ గీసిన నీలం బోర్డు పాతి "ఉమ్మడి బాట" అంటే అది బోర్డుకు పెట్టిన ఖర్చే తప్ప బాట కాదు.

ఈ బోర్డు కథ జపానులో ఒకసారి జరిగింది. మోటారు వాహనాలు పెరిగి ప్రమాదాలు మితిమీరిన కాలంలో, 1970లో, అక్కడి ప్రభుత్వం చట్టాన్ని సవరించి, గుర్తించిన కాలిబాటల మీద సైకిళ్ళను అనుమతించింది. రోడ్డు వైపు అంచున మెల్లగా పోవాలి, నడిచేవారికి అడ్డమైతే ఆగాలి అన్నది షరతు. అప్పటి అవసరానికి అది సబబే కావచ్చు. అయితే తాత్కాలికపు ఏర్పాటుకు కాళ్ళూ చేతులూ వచ్చి దశాబ్దాలపాటు స్థిరపడింది. జనం సైకిలంటే కాలిబాట మీదిదేననుకున్నారు. ఇంజనీర్లు సైకిలుకు వేరే చోటు చూపవలసిన పని తప్పిందనుకున్నారు. చివరికి 2011లో అక్కడి పోలీసు శాఖే, సైకిలు వాహనమేననీ, మూడు మీటర్ల కన్నా ఇరుకైన కాలిబాటల మీద ఇచ్చిన అనుమతులను మళ్ళీ చూడాలనీ ఆదేశాలిచ్చి వెనక్కి నడవవలసి వచ్చింది. నలభయ్యేళ్ళ అలవాటు ఒక ఉత్తరువుతో పోతుందా! మెల్లగా పోయే జనమని పేరున్న దేశంలోనే అంత తంటా అయితే మన సంగతి చెప్పేదేముంది.

కాబట్టి నా మాట ఇది. రద్దీ ఉన్న చోట, అంటే బస్సు స్టాపులు, బడులు, అంగళ్ళు, మేడ్చల్ రైల్వే స్టేషను వంటి చోట్ల, ఇద్దరికీ వేరువేరు బాటలు ఉండి తీరాలి. రంగు గీత సరిపోదు. ఎత్తులో తేడా, మధ్యలో రాతి అంచు కావాలి. రద్దీ లేని చోట, ఉదాహరణకు చెరువు కట్టలు, పార్కులు, ఊళ్ళ మధ్య పొలాల వెంట పోయే దారులు, అక్కడ ఉమ్మడి బాట మంచి ఏర్పాటే. శామీర్‌పేట పెద్దచెరువు కట్ట వైపు ఆదివారం వచ్చే జనాన్ని చూస్తే మాత్రం ఒకే చోటు పొద్దున రద్దీ లేనిది, సాయంత్రం రద్దీది కావచ్చునని తెలుస్తుంది. అలాంటి చోట వేళను బట్టి సైకిలు దిగి నడిపించుకుపోవడమే మర్యాద.

ఉమ్మడి బాట మీద పాటించదగినవిగా నాకు తోచినవి:

1. బాట నడిచేవారిది. సైకిలు చుట్టం. చుట్టం ఇంటివారి వీలు చూసుకుంటాడు.

2. మనిషి కనబడగానే వేగం పదికి తగ్గాలి. పిల్లలు, ముసలివారు, కుక్కలు కనబడితే ఇంకా తగ్గాలి. శిక్షణగా వేగంగా తొక్కదలచినవారు ఉమ్మడి బాటను ఎంచుకోరాదు.

3. గంట దూరం నుంచే, మృదువుగా ఒకసారి కొట్టాలి. వీపు వెనక వచ్చి గణగణలాడిస్తే మనిషి ఉలిక్కిపడి ఎటు దూకుతాడో దూకినవాడికే తెలియదు.

4. దాటేటప్పుడు కుడివైపు నుంచి, చేయి చాచినంత ఎడంతో దాటాలి. ఎడం లేకపోతే ఆగాలి.

5. చీకటిపడితే ముందు దీపం, వెనక ఎర్ర దీపం. ఒకప్పుడు దీపం లేని సైకిలును, డబుల్స్ ఎక్కించుకున్న సైకిలును ఆపి జరిమానా వేసేవారని పెద్దలు చెబుతారు. కార్మికుల విషయంలో జరిమానా కంటే ఫ్యాక్టరీ గేటు దగ్గర దీపాలు పంచిపెట్టడం ఎక్కువ పనిచేస్తుంది.

6. నడిచేవారికీ ఒకటి రెండు. బాట వెడల్పంతా పరుచుకుని నలుగురు వరసగా నడవరాదు. రెండు చెవుల్లోనూ పాట పెట్టుకోరాదు. కుక్కకు గొలుసు పొట్టిగా ఉండాలి. కాలిబాట లేని రోడ్డు మీద కుడివైపున, వాహనాలకు ఎదురుగా నడవమని చిన్నప్పుడు నేర్పారు. అది సరైనదే. ఉమ్మడి బాట మీద మాత్రం అందరూ ఎడమ పట్టడమే మేలు. లేకపోతే ఎదురుబొదురుగా వచ్చి ఎటు తప్పుకోవాలో తెలియక ఇద్దరూ ఒకే పక్కకు జరగడం తథ్యం.

ఇవన్నీ మర్యాదతో తీరేవి. చట్టం సంగతికి వస్తే ఒక ఖాళీ కనిపిస్తుంది. కాలిబాట మీద గానీ సైకిల్ ట్రాకు మీద గానీ మోటారు వాహనం నడపరాదని 1989 నాటి రోడ్డు నియమాలే చెప్పాయి, 2017లో వచ్చిన కొత్త నియమాలూ చెప్పాయి. అయితే అవి వాహనచోదకులకు రాసినవి. మోటారు లేని బండికీ మనిషికీ మధ్య ఎలా ఉండాలన్నది రాష్ట్రాలు తేల్చవలసిన విషయం. మోటారు వాహనాల చట్టానికి 2019లో చేసిన సవరణ 138వ సెక్షనులో ఒక ఉపవిభాగం చేర్చి ఆ అధికారం రాష్ట్రాలకు ఇచ్చింది. 2025 మే 14న సుప్రీం కోర్టు, అడ్డంకులు లేని కాలిబాట రాజ్యాంగపు 21వ అధికరణం కింద జీవించే హక్కులో భాగమని చెప్పింది. అదే ఏడాది అక్టోబరు 7న, ఆ సెక్షను కింద నియమాలు రాయడానికి రాష్ట్రాలకు ఆరు నెలల గడువు పెట్టింది. ఇది నిశ్శబ్దంగా వచ్చిన పెద్ద అవకాశం. ఆ నియమాలు పాదచారిని ఎక్కడ దాటాలో, ఎక్కడ దాటరాదో చెప్పే నిషేధాల చిట్టాగా తయారయితే అవకాశం చేజారినట్టే. ఏ వెడల్పులోపు బాటను ఉమ్మడిగా ప్రకటించరాదో, సైకిలు వేగమెంతో, బాట మీదికెక్కిన మోటారు సైకిలుకు శిక్షేమిటో అందులో ఉండాలి. ఈ చివరిది మరవకూడదు. మన ఊళ్ళలో కాలిబాటకు అసలు శత్రువు సైకిలు కాదు, రద్దీ తప్పించుకోవడానికి కాలిబాట ఎక్కే మోటారు సైకిలు, దాని మీదే నిలిపిన కారు.

"చోటు లేదు కదా" అనే అభ్యంతరం ఎప్పుడూ సిద్ధంగా ఉంటుంది. బేగంబజారులోనో, సుల్తాన్‌బజారులోనో ఆ మాటంటే వింటాను. మేడ్చల్, శామీర్‌పేట దారుల్లో వినను. రాజీవ్ రహదారి మీద ప్యారడైజ్ నుంచి శామీర్‌పేట వైపు సుమారు 18 కిలోమీటర్ల ఎలివేటెడ్ కారిడారుకు 2024 మార్చి 7న అల్వాల్‌లో శంకుస్థాపన జరిగింది. రెండు రోజుల తరువాత 44వ రహదారి మీద ప్యారడైజ్ నుంచి డెయిరీ ఫారం వైపు కారిడారుకు జరిగింది. ప్యారడైజ్ నుంచి మేడ్చల్‌కూ, జూబిలీ బస్ స్టేషన్ నుంచి శామీర్‌పేటకూ మెట్రో మార్గాలను 2025 జనవరిలో ప్రకటించారు. మేడ్చల్‌కు ఎంఎంటీఎస్ రైలు 2023 ఏప్రిల్‌లోనే వచ్చింది. అంటే భూమి సేకరిస్తారు, దారి వెడల్పు చేస్తారు, స్తంభాలు నాటుతారు. వేగంగా పోదలచిన వాహనాలన్నిటికీ పైన దారి చూపిస్తున్నప్పుడు, కింద నేల మీద నడిచేవారికీ తొక్కేవారికీ వాటా అడగడం గొంతెమ్మ కోరికా? 2006 నాటి జాతీయ పట్టణ రవాణా విధానం చెప్పిన సూత్రమే అది: రోడ్డును వాహనాలను బట్టి కాక మనుషులను బట్టి పంచాలి.

స్తంభం నాటక ముందు అడిగితే రెండు మీటర్లు గీతలో సర్దుబాటు. నాటిన తరువాత అడిగితే అదే రెండు మీటర్లు కోర్టు వ్యాజ్యం. మెట్రో స్టేషనుకు మూడు కిలోమీటర్ల దూరంలో ఉన్నవాడు సైకిలు మీద వచ్చి, దాన్ని భద్రంగా నిలిపి రైలెక్కగలిగితే ఆ స్టేషను ఎంతో విశాలమైన ప్రాంతానికి ఉపయోగపడుతుంది. రాలేకపోతే మోటారు సైకిలు కొంటాడు. తరువాత అదే కాలిబాట మీద నిలుపుతాడు.

సైకిలు కాలం పోయిందనే మిత్రులకు ఒక మాట. హాలండువారు పుట్టుకతో సైకిలు భక్తులు కారు. 1971లో ఆ చిన్న దేశంలో రోడ్ల మీద మూడువేలమందికి పైగా చనిపోయారు, అందులో నాలుగువందలమందికి పైగా పిల్లలు. తల్లిదండ్రులు వీధుల్లోకి వచ్చి పిల్లల హత్యలు ఆపండని ఉద్యమించాకే అక్కడి రోడ్లు మారాయి. మన దగ్గర కూడా క్యాంపసు గోడ లోపల సైకిలు మీద హాయిగా తిరిగే విద్యార్థి గేటు దాటగానే ఆటో ఎక్కుతున్నాడంటే పోయింది సైకిలు మీది ఇష్టం కాదన్నమాట.

ఎవరిని అడగాలన్నది కూడా చిక్కే. జాతీయ రహదారి ఒకరిది, రాష్ట్ర రహదారి ఒకరిది, ఔటర్ రింగ్ రోడ్డు ఇంకొకరిది, ఊళ్ళోని వీధి మరొకరిది. నడిచేవాడు ఒక కిలోమీటరులో ఈ నలుగురి సరిహద్దులూ దాటగలడు. ప్రతి సరిహద్దు దగ్గరా కాలిబాట తెగిపోతుంది. అందుకే మా ప్రాంతం నుంచి నా కోరిక ఒక్కటే. కారిడార్ల, మెట్రో మార్గాల నక్షాలను పని మొదలయ్యే ముందే ప్రతి ఊరి కార్యాలయంలోనూ తెలుగులో గోడకు అంటించాలి. స్తంభానికి అటూ ఇటూ కాలిబాట ఎన్ని మీటర్లో, సైకిలు బాట ఎన్ని మీటర్లో అందులో అంకెల్లో ఉండాలి. అంకె ఉంటే అడగవచ్చు, కొలవవచ్చు.

మీలో చాలామంది దేశదేశాల ఊళ్ళలో ఉన్నారు. మీరు రోజూ నడిచే, తొక్కే బాటల మీద ఈ ఇద్దరి పొత్తు ఎలా సాగుతోందో, అక్కడ గీసిన గీతలూ రాసిన నియమాలూ నిజంగా పనిచేస్తున్నాయో లేదో తెలుసుకోవాలని ఉంది. వీలైతే బాట వెడల్పు కూడా కొలిచి చెప్పండి.